గాలివాన వెంట ఏడు రోజులు, దక్కినది యాభై నిమిషాలు

మా అన్నయ్య ఎనిమిదేళ్లుగా ప్రతి మే నెలలోనూ సెలవు పెట్టి, అమెరికా మధ్య మైదానాలకు వెళ్లి, గాలివానల ఫొటోలు తీసుకుని వస్తాడు. అంత డబ్బూ, అంత సెలవూ ఒక మబ్బు కోసం ఖర్చు చేయడమేమిటని ఇంట్లో అందరికన్నా ఎక్కువగా అడిగినదాన్ని నేనే. "ఒక్కసారి వచ్చి చూడమ్మా, తరవాత నువ్వేమన్నా పడతాను" అన్నాడు. అలా ఈ ఏడు ఓక్లహోమా సిటీ నుంచి బయలుదేరే ఏడు రోజుల యాత్రకు అతనితోపాటు నేనూ పేరు ఇచ్చాను.

మనిషికి 2,950 డాలర్లు. అందులో 500 డాలర్లు ముందుగానే కట్టాలి, మానుకుంటే అది తిరిగి రాదు. వాహనం, పెట్రోలు, గైడు ఆ రుసుములోనే; బసా భోజనమూ మన సొంతం. వాహనంలో మేము ఎనిమిది మంది, ఒక డ్రైవరు, ఒక గైడు. కిటికీ పక్క సీట్లు రోజుకొకరికి మారతాయని ఒప్పందంలో రాసి ఉన్నా, మొదటి మూడు రోజులూ ముందు వరుసను ఒకే జంట అట్టిపెట్టుకుంది. ఫొటోల కోసం వచ్చిన వాళ్లను మధ్య వరుసలో కూర్చోబెట్టడం అన్యాయమని అన్నయ్య గట్టిగా చెప్పిన తరవాతే మార్పు జరిగింది. డబ్బు కట్టే ముందే సీట్ల సంగతి తేల్చుకోవడం మంచిది.

ఇక్కడి ఆకాశం ఇంత ప్రత్యేకం కావడానికి కారణాన్ని గైడు మొదటి రోజే వివరించాడు. వసంతం చివర గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తేమగాలి, నైరుతి ఎడారుల నుంచి వచ్చే పొడిగాలి ఈ మైదానాల మీద ఎదురుపడతాయి. అవి కలిసే గీతను డ్రై లైన్ అంటారు. తేమగాలికి పైన కొంత ఎత్తులో ఒక వెచ్చని పొర కుండ మీద మూతలా కూర్చుంటుంది. మధ్యాహ్నం వేడికి ఆ మూత లేచిందంటే గంటలోపే మబ్బు బ్రహ్మాండంగా పెరుగుతుంది. లేవకపోతే ఆ రోజంతా ఎండే. ఎత్తుకు పోయేకొద్దీ గాలి వేగమూ దిశా మారుతూ ఉంటే ఆ పెరిగే మబ్బు తన చుట్టూ తాను తిరగడం మొదలుపెడుతుంది. దానినే సూపర్‌సెల్ అంటారు. టోర్నడోలను, అంటే మబ్బు నుంచి నేలదాకా దిగే భీకరమైన సుడిగాలులను, పుట్టించగలిగేవి ముఖ్యంగా ఇవే అయినా, వీటిలో ఎక్కువ భాగం టోర్నడో లేకుండానే ముగిసిపోతాయి. ఈ మాట చెప్పకుండా టోర్నడో చూపిస్తామని ఊరించే వాళ్లను నమ్మవద్దు.

రెండో రోజూ మూడో రోజూ మూత లేవలేదు. ఆ ఖాళీలో కాన్సస్‌లోని గ్రీన్స్‌బర్గ్ వెళ్లాం. 2007 మే 4 రాత్రి ఈఎఫ్5, అంటే తీవ్రత కొలమానంలో అన్నిటికన్నా పై స్థాయి టోర్నడో ఊరిని దాదాపు పూర్తిగా తుడిచిపెట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో చేతులతో తవ్విన 109 అడుగుల లోతు బావి అక్కడ ఉంది. దాని మీద కట్టిన మ్యూజియంలో ఆ రాత్రి కథంతా పెట్టారు. అన్నయ్య ఆ రోజు కెమెరా సంచి విప్పలేదు. తాను ఫొటో తీసే మబ్బు ఎక్కడో ఒకచోట ఎవరి ఇంటి మీదకో పోతుందన్న సంగతి మరిచిపోకూడదని ప్రతి ఏడూ ఇక్కడికి వస్తానని చెప్పాడు.

నాలుగో రోజు రాత్రి బస గురించి మాత్రం నేను వివరంగా రాయక తప్పదు. ఆ సాయంత్రం మేము టెక్సస్ ఉత్తర భాగంలో ఒక గాలివాన వెంట తిరిగి, అది చీకట్లో కలిసిపోయాక, రాత్రి పదకొండున్నరకు హైవే పక్కనున్న ఒక మోటెల్‌కు చేరాం. రెండు మంచాల గది కావాలని దారిలోనే ఫోన్ చేసి చెప్పాం, సరేనన్నారు. తీరా వెళ్లేసరికి ఒకే మంచం ఉన్న గది ఇచ్చి, పన్నుతో కలిపి 106 డాలర్ల 20 సెంట్లు ముందే వసూలు చేశారు. పొగ తాగని వారి గది అని బోర్డు ఉంది, పరుపు నిండా సిగరెట్ కంపు. కిటికీ చట్రానికీ గోడకూ మధ్య వేలు దూరేంత సందు ఉంది. అన్నయ్య నేల మీద దుప్పటి పరుచుకున్నాడు. ఇవన్నీ సహించవచ్చు, అలసిపోయి ఉన్నాం, అయిదు గంటల నిద్ర పడితే చాలు.

సహించలేనిది మరొకటి. ఆ జిల్లాకు రాత్రి రెండు గంటల వరకు టోర్నడో వాచ్ అమలులో ఉంది. వాచ్ అంటే టోర్నడో పుట్టే పరిస్థితులు ఉన్నాయని అర్థం. వార్నింగ్ అంటే అది కనిపించిందనో, రాడార్‌లో దాని తిరుగుడు తేలిందనో అర్థం. వార్నింగ్ వస్తే ఎక్కడికి వెళ్లాలని నేను కౌంటర్ దగ్గర అడిగాను. అక్కడి మనిషి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "ఇక్కడ ఎప్పుడూ ఏమీ రాలేదు" అన్నాడు. లోపలి వరండా గానీ, కిటికీ లేని గది గానీ ఉందా అని మళ్లీ అడిగితే, గది నచ్చకపోతే ఖాళీ చేయవచ్చని, డబ్బు మాత్రం తిరిగి ఇవ్వడం కుదరదని జవాబు చెప్పాడు. నా గదిలో పరుపు ఎలా ఉన్నా పరవాలేదు. నలభై గదులున్న భవనంలో రాత్రిపూట బాధ్యత వహించే మనిషికి, ప్రాణం మీదకు వస్తే జనాన్ని ఎక్కడికి పంపాలో తెలియకపోవడాన్ని, తెలుసుకోవాలని కూడా అనుకోకపోవడాన్ని నేను క్షమించలేను. చివరికి మా గైడే టార్చి పట్టుకుని భవనమంతా తిరిగి, కింది అంతస్తులో బట్టలుతికే యంత్రాల గది పక్కన కిటికీలు లేని సామాన్ల గదిని చూసి వచ్చి, ఎనిమిది మందిమీ బూట్లు మంచం పక్కనే పెట్టుకుని పడుకోవాలని చెప్పాడు. వార్నింగ్ రాలేదు. నేను రెండింటి దాకా కళ్లు మూయలేదు. మే నెలలో ఈ ప్రాంతానికి వెళ్లేవారు గది చూడకముందే ఈ ప్రశ్న అడగాలి. కింది అంతస్తులో, భవనం మధ్యలో, కిటికీలు లేని చోటు చూపించలేని బసలో డబ్బు పెట్టకూడదు.

అయిదో రోజు ఉదయం ఎవరి ముఖంలోనూ కళ లేదు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక విశ్రాంత లెక్కల మాస్టారికి తప్ప. ఆయనకు ఇది నాలుగో యాత్ర. ఇంతవరకు ఒక్క టోర్నడోను కూడా చూడలేదు. రోజూ తెల్లవారగానే గాలుల పటాలు ముందు వేసుకుని, మొదటి మబ్బు ఎక్కడ, ఎన్ని గంటలకు లేస్తుందో తన నోటుబుక్కులో రాసుకుంటారు. గైడు చెప్పేదీ, ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న ప్రభుత్వ తుపాను అంచనా కేంద్రం, స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ ఇచ్చేదీ ఆ తరవాతే చూస్తారు. ఆయనను ఇక్కడికి లాగేది ఆ ఊహ నిజమయ్యే క్షణం. 1956లో నార్త్ డకోటాలోని బిస్మార్క్‌లో గాలివానల వెంట పడటం మొదలుపెట్టిన డేవిడ్ హోడ్లీ కాలంలో రాడార్ బొమ్మ చేతిలో ఉండేది కాదని, ఆకాశాన్ని చదవడం వస్తేనే ఏమైనా కనిపించేదని ఆయన ఎంతో ఇష్టంగా చెప్పారు. ఆ రోజు పేజీలో "స్కాట్ సిటీ, సాయంత్రం 6" అని రాశారు.

పడమటి కాన్సస్‌లో, స్కాట్ సిటీకి ఉత్తరాన, 5.40కి మొదటి మబ్బు లేచింది. ఏడున్నర దాటాక గైడు మమ్మల్ని గోధుమ చేల మధ్య ఒక మట్టిదారిలో, మబ్బుకు ఆగ్నేయంగా నాలుగు మైళ్ల దూరంలో ఆపాడు. ఇక్కడి గాలివానలు సాధారణంగా తూర్పుకో ఈశాన్యానికో కదులుతాయి కనుక, ఆగ్నేయాన నిలబడితే వాన అడ్డురాకుండా మబ్బు అడుగుభాగం కనిపిస్తుంది, తప్పుకోవడానికి దక్షిణం దారి తెరిచి ఉంటుంది. అంతకన్నా దగ్గరకు పోదామని ముందు వరుస జంట బతిమాలినా అతను ఒప్పుకోలేదు. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రెనోలో 2.6 మైళ్ల వెడల్పుకు పెరిగిన టోర్నడోలో, ఏళ్ల తరబడి టోర్నడోల దారిలో పరికరాలు పెట్టి పరిశోధించిన టిమ్ శామరాస్, ఆయన కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ప్రాణాలు కోల్పోయారు. అంతటి అనుభవజ్ఞులకే దారి దొరకలేదని చెప్పి, ఆ మాటతో చర్చ ముగించాడు. అతని మీద నాకు పూర్తి నమ్మకం కుదిరినది ఆ నిమిషంలోనే.

మబ్బు మొత్తం తిరుగుతోంది. కుమ్మరి సారె మీద తడిమట్టి పైకి లేస్తున్నప్పుడు వేళ్ల గుర్తులు పడినట్లు దాని ఒంటి చుట్టూ గీతలు వరసలుగా ఉన్నాయి. పైన దాని నీడ మా తలల మీదుగా దాటిపోయింది. అడుగున పడమటి వెలుగు సన్నని నారింజ పట్టీలా మిగిలింది. గాలి మా వీపు వెనక నుంచి వెచ్చగా, చెమ్మగా మబ్బువైపుకే పోతోంది. గోధుమ కంకులన్నీ అటే వంగి ఉన్నాయి. పిట్టల చప్పుడు లేదు. మబ్బు లోపల వడగళ్లు ఒకదానికొకటి కొట్టుకునే మోత, దూరాన రైలు వంతెన దాటుతున్నట్లు, ఆగకుండా వినిపించింది. దాని అడుగున గోడలా వేలాడే చిన్న మబ్బు ఒకటి దిగి, తిరిగి, కాసేపు పొడుగై, మళ్లీ కరిగిపోయింది. టోర్నడో రాలేదు.

అన్నయ్య ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా చాపకుండా నేలకు దగ్గరగా పెట్టి, గాలికి కదలకుండా దానికి కెమెరా సంచి వేలాడదీశాడు. 16 మిల్లీమీటర్ల లెన్స్, చేతితో సరిచేసిన ఫోకస్. ముళ్లకంచెనూ, దూరాన ధాన్యపు గిడ్డంగినీ ఫ్రేములో కింద ఉంచాడు. అవి లేకపోతే మబ్బు ఎంత పెద్దదో చూసేవారికి తెలియదని అన్నాడు. వెలుతురు తగ్గాక నాలుగేసి సెకన్లు షట్టర్ తెరిచి మెరుపులు పట్టాడు. మెరుపుకూ ఉరుముకూ మధ్య పదిహేను సెకన్లకు తగ్గగానే, అంటే పిడుగు సుమారు అయిదు కిలోమీటర్ల లోపుకు వచ్చేసరికి, గైడు అందరినీ లోపలికి పిలిచాడు. అప్పటికి యాభై నిమిషాలు గడిచాయి. వీపు వెనక గాలి హఠాత్తుగా ఆగి, ఎదుటి నుంచి వాన వాసనతో చల్లగా కొట్టింది.

వాహనంలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అత్యవసర వార్డులో పనిచేసే ఒక నర్సు నా పక్కన కూర్చుంది. ఏడాదంతా ప్రతి నిమిషం ఏదో ఒకటి చేయవలసిన ఉద్యోగమని, తాను ఏమీ చేయనవసరం లేకుండా నిలబడి చూడగలిగే పెద్ద విషయం ఇదొక్కటే దొరికిందని, అందుకే ఇది ఆరోసారని చెప్పింది. నేను అన్నయ్యను ఎనిమిదేళ్లుగా అడుగుతున్న దానికి ఆమె మాటలో జవాబు దొరికిందని అతనితో చెప్పాను. అతను తల ఊపి, లెన్స్ మీది తడి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఆరు, ఏడు రోజులు ఎండే. మొత్తం 2,860 మైళ్లు తిరిగాం. బసలకు మా ఇద్దరికీ కలిపి 588 డాలర్లు, తిండికి 410 అయ్యాయి. సొంతంగా కారు అద్దెకు తీసుకుని వెంటపడాలనుకునేవారికి నా సలహా ఒక్కటే: మొదటిసారి వద్దు. వాన పడితే ఆ మట్టిదారులు చక్రాలను కదలనివ్వవు. వడగళ్ల నష్టానికి బీమా వర్తిస్తుందో లేదో కూడా ముందే రాతపూర్వకంగా అడగాలి.

చివరి రోజు విమానాశ్రయంలో మాస్టారు నోటుబుక్కు తెరిచి నాకు చూపించారు. ఆయన రాసిన చోటుకూ మబ్బు లేచిన చోటుకూ తేడా పద్దెనిమిది మైళ్లు, సమయంలో ఇరవై నిమిషాలు. ఆ రెండు అంకెల కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్క పేజీ మీద వచ్చే మే నెల తేదీలు అప్పటికే రాసి పెట్టుకున్నారు.