లామినార్‌లో యూవీ ట్యూబ్: ఖాళీ బల్లకు సరే, మొక్క మీదకు వద్దు

లామినార్ అంటే వడకట్టిన శుభ్రమైన గాలి వీస్తుండగా లోపల పని చేసుకునే కేబినెట్. దానికి నా రేటింగ్ అయిదుకు మూడు. కేబినెట్ ఒక్కదానికే అయితే నాలుగు ఇచ్చేదాన్ని. అందులో సూక్ష్మజీవులను చంపే యూవీ (అతినీలలోహిత) ట్యూబ్ బిగించిన తీరుకు, దాని గురించి అమ్మేటప్పుడు చెప్పిన మాటలకు కలిపి ఒకటి కోశాను. కంపెనీ పేరు రాయను. నేను చూసిన కేబినెట్లన్నిటిలో ఇంచుమించు ఇదే డిజైన్, అమ్మేవాళ్లు చెప్పేదీ ఇదే పాట.

మాది తాడిపత్రి దగ్గర చిన్న అరటి టిష్యూ కల్చర్ ల్యాబ్, అంటే మొక్క ముక్కను బాటిల్లో పెంచి కొత్త మొక్కలు చేసే చోటు. గ్రాండ్ నైన్, అదే రైతులు జీ9 అనే రకం, అదొక్కటే చేస్తాం. పిలక తెచ్చి, పొరలు ఒలిచి, లోపలి మొన తీసి బాటిల్లో పెట్టడం నుంచి షేడ్ నెట్ కింద హార్డెనింగ్ (బాటిల్ మొక్కను బయటి ఎండకు అలవాటు చేయడం) దాకా అన్నీ ఇక్కడే. కొన్నది నాలుగడుగుల లామినార్. స్టీలు బల్ల, గాలిలోని సన్నని దుమ్మును, సూక్ష్మజీవులను ఆపే హెపా ఫిల్టర్, ముందు యాక్రిలిక్ తలుపు, పైన మామూలు ట్యూబ్ లైటు, దాని పక్కన 15 వాట్ల యూవీ ట్యూబ్. బ్లోవర్, ఫిల్టర్ల మీద ఫిర్యాదేమీ లేదు. గాలి సమంగా వస్తుంది, చప్పుడు తక్కువ. ఇక మాట్లాడాల్సింది ట్యూబ్ గురించే.

ఈ ట్యూబ్ నుంచి వచ్చేది ఎక్కువగా 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి, అంటే యూవీలో యూవీ-సీ అనే రకం. డీఎన్ఏ బాగా పీల్చుకునే 260 దగ్గరిదే ఇది. పీల్చుకున్నప్పుడు డీఎన్ఏ గొలుసులో పక్కపక్కన ఉన్న థైమిన్లు (డీఎన్ఏ అక్షరాల్లో ఒక రకం) ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అక్కడ కాపీ తీసే పని ఆగిపోతుంది, సూక్ష్మజీవి పెరగలేదు. సిద్ధాంతం ఇది, మరి మా ట్యూబ్ ఆ పని చేస్తోందా? అగార్ (సూక్ష్మజీవులు పెరిగే జెల్లీ) పోసిన పెట్రీ ప్లేటు మీద బల్ల తుడిచిన దూదిని రుద్ది, సగానికి నల్ల కాగితం కప్పి, ట్యూబ్ కింద అరగంట ఉంచాను. రెండు రోజులకు కాగితం కప్పిన సగంలో సూక్ష్మజీవుల కాలనీలు గుంపులు గుంపులుగా లేచాయి, మిగతా సగం దాదాపు శుభ్రం. ప్లేటును బల్ల మధ్యలో పెట్టినప్పటి సంగతి ఇది. అలాంటిదే ఇంకో ప్లేటును మూలలో పెడితే రెండు సగాలకూ తేడా బాగా తగ్గిపోయింది. కారణం చూస్తే తెలుస్తుంది: బల్ల పొడవు నాలుగడుగులు, 15 వాట్ల ట్యూబ్ పొడవు అడుగున్నరకు కాస్త తక్కువ. మూడడుగుల 30 వాట్ల ట్యూబ్ బిగించి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఇక్కడే ఒక మార్కు పోయింది.

మా ఊరి సమస్య ఇంకొకటుంది, నాపరాయి దుమ్ము. చుట్టూ పాలిష్ ఫ్యాక్టరీలే. ఎంత మూసినా సన్నని పొడి ట్యూబ్ మీద కూర్చుంటుంది. కంటికి కనిపించీ కనిపించని ఆ పొర కూడా యూవీ-సీని అడ్డుకుంటుంది. ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ఒకరోజు అడిగింది, "అక్కా, నీలంగా వెలుగుతూనే ఉంది కదా, పని చేస్తున్నట్టే కదా?" అని. కాదు. కంటికి కనబడే నీలం వేరు, పని చేసే 254 వేరు. ట్యూబ్ పాతబడినా, దుమ్ము పట్టినా నీలం అలాగే ఉంటుంది. అందుకే స్విచ్ ఆపి, చల్లారాక, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో వారం వారం తుడిపిస్తున్నాను. ఇలాంటి ట్యూబ్‌కు ఆయుష్షు సుమారు 9000 గంటలంటారు. రాత్రంతా వెలిగించి వదిలేసే ల్యాబ్‌లకు అది రెండేళ్లలో అయిపోతుంది. గంటలు లెక్కపెట్టే మీటర్ ఈ కేబినెట్‌కు లేదు, గోడ మీద చార్టు కట్టి మేమే రాసుకుంటున్నాం. పని మొదలుపెట్టే ముందు అరగంట చాలు, తర్వాత యూవీ ఆపి బ్లోవర్.

ఇక సేల్స్ ఆయన మాట. "మేడమ్, బాటిల్స్ కూడా ఓ పావుగంట యూవీలో పెట్టండి, లోపలి కంటామినేషన్ అంతా పోతుంది." ఇది పూర్తిగా తప్పు. మామూలు గాజులోంచి 254 దాటదు. యాక్రిలిక్ తలుపు లోంచీ దాటదు, దాని బయట నిలబడి ధైర్యంగా చూడగలిగేది అందుకే. మూత బిగించిన బాటిల్ లోపలికి చేరేది ఏమీ లేదు. మూత తీసి పెడితే? పారేయాల్సిన కల్చర్లు (బాటిల్లో పెరుగుతున్న మొక్కలు) కొన్ని ఉంటే ఆ ముచ్చటా చూశాను. ట్యూబ్ వైపున్న ఆకులు ముందు మెరుపెక్కి, తర్వాత గోధుమ రంగుకు తిరిగి ఎండాయి. కింది వైపు, మొదలు దగ్గర పచ్చగానే ఉన్నాయి. యూవీ-సీ పై కణాల వరుసల్లోనే ఆగిపోతుంది, మొన లోపలికి దిగదు. మరి అరటిలో మమ్మల్ని ఏడిపించే బ్యాక్టీరియా పిలక కణజాలం లోపలే దాక్కుని వస్తుంది. అంటే మొక్క పైపొర మాడిపోతుంది గానీ లోపలి బ్యాక్టీరియా హాయిగా ఉంటుంది!

ఆ కల్చర్లలో కొన్నిటిని వెంటనే లైట్ల ర్యాకులో పెట్టాను, కొన్నిటిని చీకట్లో. చీకట్లోవి ఎక్కువ నల్లబడ్డాయి. దీనికి మొక్క దగ్గర ఫోటోలయేజ్ అనే ఎంజైము ఉంది. నీలి కాంతి శక్తితో అతుక్కున్న థైమిన్లను అది విడదీస్తుంది. మనుషులకు ఈ ఎంజైము లేదు. చాలా బ్యాక్టీరియాలకు ఉంది, కాబట్టి బల్ల మీద చావకుండా మిగిలినవీ లైటు వేశాక కొంత కోలుకుంటాయి. యూవీ వేశాం కదా అని స్పిరిట్ తుడుపు మానేయకూడదనేది అందుకే. నల్ల బూజు బీజాలు మరీ మొండివి, వాటి నల్ల రంగే వాటికి గొడుగు.

పోసి మూత పెట్టని మీడియా (మొక్క పెరిగే పోషకాల జెల్లీ) కూడా ట్యూబ్ కింద ఉంచకండి. మనం వాడే ఎంఎస్ అనే రకం మీడియాలో ఇనుము ఈడీటీఏ అనే రసాయనంతో కలిసి ఉంటుంది. అతినీలలోహిత, నీలి కాంతికి అది విడిపోతూ ఫార్మాల్డిహైడ్ విడుదల చేస్తుంది, వేళ్లకు అది మంచిది కాదు.

మొక్కకు యూవీ అసలే తెలియదని కాదు. ఎండలో ఉండే యూవీ-బీ అనే ఇంకో రకాన్ని కనిపెట్టడానికి దానికి యూవీఆర్8 అనే ప్రొటీన్ ఉంది. అది యూవీ-బీ గ్రాహకమని 2011లో తేలింది. అది హెచ్చరిస్తే పైపొరల్లో ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు పేరుకుని ఎండకు అడ్డు నిలుస్తాయి. బాటిల్లో పెరిగిన మొక్కకు ఆ అలవాటు లేదు. ఆకు మీద మైనపు పొర కూడా పలచనే. అందుకే బాటిల్లోంచి తీసిన మొక్కను నేరుగా అనంతపురం ఎండలో పెడితే మాడుతుంది, షేడ్ నెట్ కింద మెల్లగా అలవాటు చేయాలి. లేత జీ9 ఆకుల మీద ఎర్రటి మచ్చలు చూసి రైతులు తెగులేమోనని ఫోన్ చేస్తుంటారు. అవి ఆంథోసయనిన్ అనే మొక్క సొంత రంగు, మొక్క పెరిగేకొద్దీ పోతాయి. "హార్డెనింగ్‌కు ముందు యూవీ లైటు కొట్టించండి" అని కూడా మా సేల్స్ ఆయన సలహా ఇచ్చాడు. ఎండలో ఉన్నది యూవీ-బీ, ఆయన అమ్మిన ట్యూబ్‌లో ఉన్నది యూవీ-సీ. ఓజోన్ పొర పుణ్యమా అని ఈ యూవీ-సీ నేల మీదికే రాదు, ఏ మొక్కా దానికి అలవాటు పడలేదు.

కేబినెట్‌కు అయిదుకు బదులు నాలుగే అన్నానే, ఆ మిగతా మార్కు భద్రతకు పోయింది. తలుపు తెరిస్తే యూవీ దానంతట అదే ఆగే ఏర్పాటు లేదు. మామూలు లైటుకూ యూవీకీ స్విచ్‌లు పక్కపక్కనే, ఒకే రంగులో. తెరిచిన కేబినెట్ ముందు నిమిషాల తరబడి కూర్చుంటే వెల్డింగ్ చేసేవాళ్లకు వచ్చినట్టే కొన్ని గంటల తర్వాత కళ్లు మండి నీళ్లు కారతాయి, చర్మం కందుతుంది. మా ఎలక్ట్రీషియన్ చేత తలుపుకు డోర్ స్విచ్ పెట్టించాను, ఖర్చు పెద్దదేం కాలేదు. కంపెనీ నుంచే వచ్చుంటే బాగుండేది.

ట్యూబ్ మార్చాల్సి వస్తే ఫిలిప్స్ టీయూవీ లాంటివి అడగండి. 254 ఇస్తుంది, ఓజోన్ వాసన రాదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఊదారంగు యూవీ బల్బులు చాలావరకు 365, 395 నానోమీటర్లవి, దొంగనోట్లు చూసుకోవడానికి తప్ప మన బల్లకు పనికిరావు. కొత్తగా కొనేవాళ్లు ఆర్డర్ ఫారంలోనే మూడు రాయించండి: 30 వాట్ల ట్యూబ్, డోర్ స్విచ్, గంటల మీటర్.