అవ్వ బాత్రూంలో హ్యాండిల్స్ బిగించారు: పనికి ఫుల్ మార్కులు, టైంకు మాత్రం ఇవ్వలేను

కడప వై.వి. స్ట్రీట్ పక్క సందులో ఉన్న ఒక శానిటరీ షాపు వాళ్లు బాత్రూంలో పట్టుకుని లేవడానికి గోడకు బిగించే స్టీలు హ్యాండిల్స్ అమ్మడమే కాకుండా ఇంటికొచ్చి బిగిస్తారు. మా అవ్వ ఒక్కతే ఉంటుంది, ఎవరింటికి రమ్మన్నా రాదు, బాత్రూంలో చూస్తే అరిగి నున్నగా అయిపోయిన కడప బండలు, సబ్బునీళ్లు పడితే వయసులో ఉన్నవాళ్లకే కాలు జారుతుంది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ మామూలుగా నడవడం ఎంత కష్టమో చుట్టాల్లో చూశాం, ఆ టెన్షన్‌తోనే వీళ్లను పిలిపించాం.

వచ్చిన మేస్త్రీ డ్రిల్లింగ్ మిషన్ బయటికి తీయకముందే "అవ్వా, రోజూ ఎట్ల లేస్తావో ఒకతూరి లేసి చూపీ" అన్నాడు. అవ్వ కమోడ్ మీద నుంచి పక్కనున్న కొళాయి పట్టుకుని లేచింది, పైపు మొత్తం ఊగింది. ఆమె చెయ్యి సులువుగా అందే చోట పెన్సిల్‌తో గీత పెట్టి, గోడ తట్టి చూశాడు. డొల్ల శబ్దం. పాత రాతి గోడ కదా, పైన సిమెంటు పూత వదిలేసింది. "ఈడ కొడితే బరువుకు ఊడొస్తాది" అని కొంచెం పక్కకు జరిపి, లోపల రాయి తగిలేదాకా తొలిచి పొడుగు బోల్టులు వేశాడు. బిగించాక తన బరువంతా దాని మీద వేసి లాగి చూశాడు. నాకు బాగా నచ్చింది ఇదే.

స్టీలు 304 గ్రేడే అడగండి, మన బోరు నీళ్లకు తక్కువ రకం తొందరగా తుప్పు పడుతుంది. గోడకు అతికించే రబ్బరు కప్పుల హ్యాండిల్స్ మాత్రం పెద్దవాళ్లకు వద్దే వద్దు, మనిషి బరువు పడితే ఊడిపోతాయి.

ఇక పొద్దున వస్తామని చెప్పి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చారు, అవ్వ స్నానం కూడా మానుకుని కూర్చుంది, అది నాకు చాలా బాధేసింది. దుమ్ము మేమే ఊడ్చుకున్నాం. బిల్లు అడిగితేనే ఇచ్చారు.

కరెంటు పని వాళ్లు చేయరు. మంచం నుంచి బాత్రూం దాకా మనిషి కదిలితే వెలిగే లైట్లు వేరే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాం, రాత్రి లేచినప్పుడు అవ్వకు అవే ఎక్కువ పనికొస్తున్నాయి. ఫోన్ పక్కన గోడ మీద 108, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 పెద్ద అంకెల్లో రాసి అంటించాం.

షాపుకు ఫోన్ చేసేటప్పుడు మీది రాతి గోడా, ఇటుక గోడా ముందే చెప్పండి, దాన్నిబట్టి బోల్టులు తెచ్చుకుంటారు.