బ్రాయిలర్ కోళ్లకు ఓపెన్ షెడ్డా, ఈసీ షెడ్డా?

ఓపెన్ షెడ్‌లో కోడికి సుమారు 1 చదరపు అడుగు చోటు కావాలి. ఈసీ (ఎన్విరాన్‌మెంటల్లీ కంట్రోల్డ్) అంటే లోపలి గాలిని, వేడిని యంత్రాలతో అదుపు చేసే మూసిన షెడ్. అందులో అంతకన్నా ఒత్తుగా వేయొచ్చు. లెక్క అక్కడితో ఆపితే ఈసీదే పైచేయి. కానీ అసలు సంగతి తేల్చేవి ఎండ, కరెంటు.

ఓపెన్ షెడ్ పొడవు తూర్పు-పడమరలుగా ఉండి, వెడల్పు 30 అడుగులు దాటకపోతే గాలి అడ్డంగా బాగా ఆడుతుంది. వేసవిలో నీటిని సన్నటి తుంపరగా చల్లే ఫాగర్లు, కప్పు మీద స్ప్రింక్లర్లు, తడి గోనెపట్టాలు వాడతారు. గాలి స్తంభించిన మధ్యాహ్నం ఇవేవీ పెద్దగా ఆదుకోవు.

ఈసీలో ఒక కొసన తడి ప్యాడ్లు, మరో కొసన ఆ ప్యాడ్ల గుండా గాలిని లోపలికి లాగే ఫ్యాన్లు. తెలంగాణలో 42 డిగ్రీలు, 25 శాతం తేమ ఉంటే మంచి ప్యాడ్ లోపలికొచ్చే గాలిని దాదాపు 30కి దించుతుంది. కోస్తాలో 36 డిగ్రీలు, 70 శాతం తేమ అయితే తగ్గేది 4 డిగ్రీలే. అక్కడ కోడిని కాపాడేది గాలి వేగం: ఎదిగిన కోళ్లకు సెకనుకు 2.5–3 మీటర్లు. తేమ 80 శాతం దాటితే ప్యాడ్లను తడిపే మోటారు ఆపేయాలి. తలుపు సందుల్లోంచి గాలి దూరుతుంటే ప్యాడ్ పెట్టీ దండగే.

చలికాలంలో వేడి పోతుందని ఓపెన్ షెడ్ పక్కల పరదాలు పూర్తిగా బిగించేస్తారు. లిట్టర్ (కోళ్ల కింద పరిచే ఊక) చెమ్మగిల్లి గాలిలో అమ్మోనియా పెరుగుతుంది. అది 25 పీపీఎం (పది లక్షల వంతుల్లో 25) దాటనివ్వకూడదు. ఈసీలోనైతే 5 నిమిషాల సైకిల్ టైమర్‌తో, అంటే ప్రతి 5 నిమిషాల్లో కొంతసేపు, కొన్ని ఫ్యాన్లు తిప్పాలి. వేడిని కొలిచే సెన్సర్ కోడి ఎత్తులోనే కట్టాలి.

ఎండల్లో కరెంటు పోతే మూసిన షెడ్‌లో పెద్ద కోళ్లు నిమిషాల్లో రాలిపోతాయి. దానంతటదే స్టార్టయ్యే జనరేటర్, అలారం కొనే స్తోమత లేకపోతే ఓపెన్ షెడ్డే నయం.