సబ్బా, శానిటైజరా, గ్లౌజులా: వార్డులో ఏది మేలు?

మా వార్డులో ముప్పై మంచాలు, రెండు సింకులు. ఈ లెక్క పక్కన పెట్టి చేతుల శుభ్రత గురించి ఎంత చెప్పినా గాలిలో మాటే. అనంతపురంలో ఒక ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ల నివారణ చూసే నర్సును నేను. కొత్తగా చేరిన సిస్టర్లు మొదటి వారంలోనే అడుగుతారు: "మేడమ్, సబ్బుతోనే కడగాలా, శానిటైజర్ చాలా? గ్లౌజులు వేసుకుంటే రెండూ అక్కర్లేదు కదా?"

ముందు సబ్బు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతిలో కడిగితే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. సింకు దాకా నడక, తుడుచుకోవడం, తిరిగి రావడం కలిపితే రెండు నిమిషాలు. గంటలో పదిహేను సార్లు అవసరం పడిందనుకోండి, అరగంట సింకు దగ్గరే పోతుంది. అంత తీరిక ఏ సిస్టరుకూ ఉండదు. పైగా మన బోరు నీళ్లు! ఉప్పులు నిండిన ఆ నీటిలో సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి పొర మాత్రం కడుతుంది. డ్యూటీ దిగేసరికి వేళ్ల కణుపుల మీద చర్మం చిట్లి ఉంటుంది. చిట్లిన చోట క్రిములు సులువుగా నిలుస్తాయి. మంట భరించలేక ఆ అమ్మాయి కడుక్కోవడమే తగ్గించేస్తుంది. ఇక సింకు పక్కన కొక్కేనికి వేలాడే తువ్వాలు ఒకటి ఉండేది. పొద్దున్న ఆరింటికి పొడిగా, పదింటికల్లా తడి ముద్దగా. ఎంత బాగా కడిగిన చేతినైనా అది మళ్లీ మురికి చేసేది. నేను చేరాక మొదట తీసేయించింది దాన్నే.

శానిటైజర్‌కు 20 నుంచి 30 సెకన్లు చాలు, అదీ మంచం పక్కనే. 80 శాతం ఇథనాల్‌తో ఒకటి, 75 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకటి, రెండు తయారీలను ప్రపంచ ఆరోగ్య సంస్థే సూచించింది. అందులో కలిపే గ్లిజరిన్ వల్ల చర్మం అంతగా ఎండదు. దీని బలం ఎంతో జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో డాక్టర్ డిడియే పిట్టే బృందం చూపించింది. అక్కడ 1994లో చేతులు శుభ్రం చేసుకోవలసిన సందర్భాల్లో 48 శాతం మాత్రమే పాటించేవారు. ప్రతి మంచం దగ్గరా ఆల్కహాల్ ద్రావణం అందుబాటులో ఉంచి పట్టుబట్టి ప్రచారం చేస్తే 1997కు అది 66 శాతానికి చేరింది. ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 1994లో 16.9 శాతం ఉండగా 1998కి 9.9 శాతానికి దిగాయి. నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటుంది. ఆ నాలుగేళ్లలో సబ్బుతో కడగడం ఏమీ పెరగలేదు, పెరిగినదంతా ద్రావణం వాడకమే. మనిషి చేతికి అందేదే మనిషి వాడతాడు.

అయినా శానిటైజర్ అన్నిటికీ పనికిరాదు. రక్తం, చీము, మలం కంటికి కనిపించేలా అంటితే సబ్బే దిక్కు, ఆ మురికి పొర కింద ఆల్కహాల్ పనిచేయదు. విరేచనాలు తెచ్చే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే క్రిమి గట్టి పెంకు ఉన్న బీజాలుగా మారి బతుకుతుంది, వాటిని ఆల్కహాల్ చంపలేదు. సబ్బు కూడా చంపదు, కానీ రుద్దుడుకు ఊడి నీళ్లతో కొట్టుకుపోతాయి. వాంతులు, విరేచనాలతో వచ్చిన రోగిని ముట్టుకున్నాక నడకకు బద్ధకించకుండా సింకు దగ్గరికే వెళ్లమంటాను.

గ్లౌజుల విషయంలో మాత్రం నాకు కోపం వస్తుంది. ఒకరోజు చూశాను: ఒక సిస్టర్ మూడో మంచం దగ్గర డ్రెస్సింగ్ మార్చింది, అవే గ్లౌజులతో సెలైన్ స్టాండు జరిపింది, ఫోను తీసి మాట్లాడింది, నాలుగో మంచంలో పసివాడి నుదురు తాకి జ్వరం చూసింది. ఆమె చేతికి ఏమీ అంటలేదు, నిజమే. ఆ పసివాడి నుదుటికి ఏం అంటిందో ఎవరు చెప్పగలరు? గ్లౌజులో కంటికి కనిపించని చిల్లులుండొచ్చు, లోపల చెయ్యి చెమట పడుతుంది, తీసేటప్పుడు పైమురికి చేతికి తగులుతుంది. రక్తం, ఒంటి ద్రవాలు తగిలే పనికి గ్లౌజులు తప్పనిసరి. ఒక రోగికి ఒక జత, వేసుకునే ముందూ తీసేశాకా చేతులు శుభ్రం చేసుకోవాలి. కాబట్టి వాటిని మిగతా రెండింటికి పోటీగా నిలబెట్టడమే తప్పు.

మా వార్డు వరకు నా తీర్పు ఇది: మామూలు వేళల్లో శానిటైజర్, మురికి అంటినప్పుడూ విరేచనాల రోగుల దగ్గరా సబ్బు, ద్రవాలు తగిలే పనికి అదనంగా గ్లౌజులు. సబ్బుతో కడిగిన వెంటనే శానిటైజర్ కూడా రాసుకునే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల చర్మం పాడవడమే తప్ప లాభం లేదు. ఏది వాడినా బొటనవేలు, గోళ్ల చివర్లు వదిలేయకండి. అందరూ వదిలేసేవి అవే.

ముప్పై మంచాలకూ కాళ్ల వైపు కమ్మీకి ఇప్పుడు సీసాలు తగిలించాం. మొన్న పన్నెండో మంచం ముసలమ్మ, సూది పట్టుకుని వచ్చిన సిస్టరును ఆపి అడిగింది: "తల్లీ, ఆ మందు చేతికి రాసుకున్నావా?" ఆ పిల్ల సూది ట్రేలో పెట్టి, సీసా నొక్కి, బొటనవేళ్లతో సహా రుద్దుకుంది.