పాత వెస్ట్‌ఫాలియా క్యాంపర్: ఇంజిన్ సంగతి తర్వాత, ముందు రేకు చూడండి

ఫోక్స్‌వాగన్ వానగన్ అనే వ్యాన్ అమెరికాలో 1980 నుంచి 1991 మోడల్ దాకా వచ్చింది. అందులోనే పడుకోవడానికీ వండుకోవడానికీ ఏర్పాట్లున్న దాని వెస్ట్‌ఫాలియా క్యాంపర్‌ను కాలిఫోర్నియాలో చాలా ఏళ్లు వాడాక నా మాట ఇది: ఇంజిన్ పోయిందని బండి అమ్మేయక్కర్లేదు, ఇంజిన్ బాగుందని ఉంచుకోనూ అక్కర్లేదు. లెక్క తేల్చేది రేకు. ఇంజిన్ వెనకవైపు కిందికి దిగి వచ్చేస్తుంది, దాని బదులు ఇంకోటి పెట్టుకోవచ్చు. కుళ్లిన బాడీకి ఆ వెసులుబాటు లేదు.

ఈ బండి రేకుల అతుకుల్లో నింపిన సీలెంట్ ఎండి పగులుతుంది. ఆ సందులో నీరు నిలిచి తుప్పు లోపల మొదలవుతుంది. పైన పెయింటు మీద సన్నని గోధుమ గీత కనిపించేసరికి లోపల బాగానే తినేసి ఉంటుంది. కిటికీ రబ్బర్ల కింది అంచు, ఫ్రిజ్ వెనక గోడ, ముందు సీట్ల కింది బ్యాటరీ పెట్టెలు, పెట్రోలు మూత చుట్టుపక్కల, జాక్ పెట్టే చోట్లు వేలితో నొక్కి చూడాలి. అయస్కాంతం అంటుకోని చోట లప్పం ఉన్నట్టే. పైపై తుప్పయితే పాత సీలెంట్ గీకేసి, రేకు తేలేదాకా శుభ్రం చేసి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, కొత్త సీమ్ సీలర్ నింపితే చాలు. సస్పెన్షన్ బిగించే చోట రేకు మెత్తబడితే మాత్రం ఇక ఇంజిన్ మీద ఒక్క డాలరూ పెట్టకండి.

1983 మధ్య నుంచి వచ్చిన వాటిలో నీటితో చల్లబడే ఇంజిన్ ఉంటుంది: మొదట 1.9 లీటర్లు, 82 హార్స్‌పవర్. 1986 నుంచి 2.1, 95 హార్స్‌పవర్. లాస్‌ఏంజెలిస్ దాటాక ఐ-5 హైవే మీద గ్రేప్‌వైన్ కొండదారి ఎక్కాలంటే నిండు సామానుతో మూడో గేరే గతి. అది రోగం కాదు, దాని స్వభావమే. అసలు రోగం సిలిండర్లను మూసే హెడ్లకూ, సిలిండర్ల చుట్టూ నీరు తిరిగే జాకెట్‌కూ మధ్య ఉండే రబ్బరు గాస్కెట్ దగ్గర. ఆ ఇరుకులో ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, హెడ్ల అల్యూమినియాన్ని తినేసి గుంటలు చేస్తుంది, అక్కడి నుంచి కారుతుంది. ఫాస్ఫేట్ ఉన్న కూలెంట్ పోస్తే ఇంకా త్వరగా తింటుంది. జాకెట్ లీకయితే అంచున తెల్లటి పొరలాంటిది కడుతుంది, బండి ఇంకొంత కాలం నడుస్తుంది. సిలిండర్‌లో మండిన గ్యాస్ కూలెంట్‌లో కలుస్తోందా అన్నది వేరే పరీక్ష. కూలెంట్ ఉండే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మీద ఆ గ్యాస్‌ను పట్టే బ్లాక్ టెస్టర్ పెట్టినప్పుడు నీలం ద్రవం పసుపుకు తిరిగితే హెడ్లు దించాల్సిందే. గుంటలు పడ్డ హెడ్డుకే కొత్త రబ్బరు వేసి బిగించే రిపేరు ఎక్కువ కాలం నిలవదు. పైగా హెడ్లను పట్టి ఉంచే స్టడ్లు (మరలున్న కడ్డీలు) తుప్పు పట్టి విప్పేటప్పుడు విరుగుతాయి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. లీకు ఆపే పౌడర్ల జోలికి వెళ్లొద్దు, బండి లోపలికి వేడి ఇచ్చే హీటర్ కోర్ పూడుకుపోతుంది.

రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక. మధ్యలో పొడవాటి గొట్టాలు నేల కింద నుంచి వెళ్తాయి, అందుకే గాలి ఇరుక్కుంటుంది. బండి ముక్కు పైకెత్తి, హీటర్ పూర్తిగా తెరిచి, ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర నిలిపి, గ్రిల్ వెనక రేడియేటర్ పైనున్న స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా కూలెంట్ పోస్తూ ఉండాలి. ఈ పని సగంలో వదిలేసి గాస్కెట్‌ను తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఇంజిన్ మార్పు అంటే ఇక్కడ ఎక్కువమంది చూసేది సుబారు కార్ల ఈజే22 ఇంజిన్. 2.2 లీటర్లు, దాదాపు 130 హార్స్‌పవర్. 1990ల మొదట్లో వచ్చినవి మంచివి, టైమింగ్ బెల్ట్ తెగినా వాల్వులు వంగవు. అడాప్టర్ ప్లేటు, ఫ్లైవీలు, పొట్టి ఆయిల్ ప్యాన్, ఇంజిన్ మోసే క్రేడిల్, కత్తిరించి సిద్ధం చేసిన వైరింగ్, కొత్త ఎగ్జాస్టు కావాలి. బెల్టు, వాటర్ పంపు, సీళ్లు ఇంజిన్ బయట ఉన్నప్పుడే మార్చాలి. ఎక్కువ మంది జారిపడేది రెండు చోట్ల. థర్మోస్టాట్ దగ్గరికి వేడినీరు తిరిగే బైపాస్ సరిగా ఇవ్వకపోతే ఉష్ణోగ్రత పైకీ కిందికీ ఊగుతుంది. రెండోది, సుబారు కంప్యూటర్ వేగం సంకేతం అడుగుతుంది. వానగన్‌లో స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది కాబట్టి విడిగా సెన్సర్ పెట్టకపోతే చెక్ ఇంజిన్ దీపం వెలుగుతూనే ఉంటుంది.

కాలిఫోర్నియాలో ఆ దీపంతో స్మాగ్ పరీక్ష, అంటే బండి పొగ కాలుష్య తనిఖీ, దాటలేరు. ఇంజిన్ మారిస్తే ముందు ఇలాంటి మార్పులు తనిఖీ చేసే స్మాగ్ రిఫరీ దగ్గరికి వెళ్లాలి. పెట్టిన ఇంజిన్ వ్యాన్ మోడల్ ఏడాదిదో, తర్వాతిదో అయి ఉండాలి, దాని కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ ఉండాలి. రిఫరీ అతికించిన లేబుల్ లేని బండిని ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. గేరుబాక్సు కూడా పాతదే కాబట్టి, పెరిగిన బలాన్ని అది కొన్నాళ్లే మోస్తుంది. రిపేరు కన్నా మార్పు చవక అనుకుంటే పొరపాటు.

ఏ దారి పట్టినా పెట్రోలు గొట్టాలు ముందు మార్చాలి. పగిలిన గొట్టం వేడి ఇంజిన్ మీద కారుతుంది, డ్రైవరుకు తెలిసేసరికి వెనక మంట లేస్తుంది. ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే 30ఆర్9 రకం గొట్టమే వాడండి.

ఇల్లుగా బండి ఇప్పటికీ హాయి. పైకెత్తే కప్పుకు ఉన్న గుడ్డ మాత్రం తడి ఆరకుండా మూస్తే బూజు పడుతుంది, అందుకే కుక్కర్ కూతలన్నీ తలుపు తెరిచే వేయించండి.

కొత్తగా ప్రోమాస్టర్‌ లాంటి పెద్ద వ్యాన్ తీసుకుంటే హై రూఫ్‌లో నిలబడొచ్చు, ఏ ఊళ్లోనైనా రిపేరు దొరుకుతుంది. కానీ వెస్ట్‌ఫాలియా కప్పు మూస్తే ఎత్తు ఏడడుగుల లోపే, చాలా గ్యారేజీల్లో పడుతుంది. ప్రోమాస్టర్ అలా పట్టదు. అమ్మేయాలనే నిర్ణయించుకుంటే ఇంజిన్ కొత్తది చేయించి అమ్మకండి. రేకు గట్టిగా ఉన్న వెస్ట్‌ఫాలియాను ఇంజిన్ లేకపోయినా కొనేవాళ్లున్నారు, పెట్టిన ఖర్చు ధరలో తిరిగి రాదు.