ఎక్స్‌ట్రా స్పైసీ అన్నారు, కారం ఏదండీ? (2/5)

ఈ సాస్ సీసా మీద మూడు ఎర్ర మిరపకాయల బొమ్మలు, కింద పెద్దక్షరాల్లో ఎక్స్‌ట్రా స్పైసీ అని, దాంతో భయపడుతూనే చెంచా కొసన కాస్త తీసుకుని నాకా. ముందు లవంగం, వెనకే దాల్చినచెక్క, ఆ తర్వాత తీపి... మంట ఇప్పుడొస్తుందా అప్పుడొస్తుందా అని రెండు నిమిషాలు నోరు తెరుచుకుని కూర్చున్నా, రాలేదు. సీసా తిప్పి పదార్థాల జాబితా చదివితే చక్కెర రెండోది, మిరపకాయ ఐదోది.

తమాషా ఏంటంటే మా రూమ్మేట్ అదే నాకి "బాబోయ్ ఎంత స్పైసీరా ఇది" అన్నాడు. వాడనేది మసాలా గురించి, నేను వెతికేది కారం. స్పైసీ అనే మాట గోనెసంచి లాంటిది, ఏదైనా పట్టేస్తుంది. మనకేమో కారం వేరు, ఘాటు వేరు, మసాలా వేరు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ అనే పదార్థం నాలుక మీద వేడిని పసిగట్టే రిసెప్టర్‌నే లేపుతుంది, అది మామూలుగా 43 డిగ్రీల వేడి దగ్గర మేలుకునేది, అందుకే నిజంగా కాలినట్టే ఉంటుంది. ఆవాల ఘాటు అలా కాదు, ఆవిరై ముక్కులోకెక్కి నషాళానికంటి కాసేపట్లో దిగిపోద్ది. లవంగమైతే మహా అయితే నాలుకని మొద్దుబారుస్తుంది, అంతే.

సరే అని అదే కంపెనీ మీడియం సీసా కూడా తెచ్చా, ఎక్స్‌ట్రానే ఇలా ఉంటే ఇదింకేం చేస్తుందిలే అని ఏకంగా చెంచాడు వేసుకున్నా. చెవులు మూసుకుపోయాయి! ఉస్సు ఉస్సు అంటూ రెండు గ్లాసుల నీళ్లు తాగా, క్యాప్సైసిన్ నీళ్లలో కరగదని తెలిసి కూడా, చివరికి చల్లటి పాలు పుక్కిలిస్తే గానీ తగ్గలేదు. ఇది మీడియం అట.

బొమ్మలెందుకండీ, కారం ఎంతో చెప్పే స్కోవిల్ నంబర్ వెయ్యొచ్చుగా. 1912లో స్కోవిల్ అనే ఆయన మిరప సారాన్ని తీపి నీళ్లలో కలుపుతూ మంట తెలియకుండా పోయేదాకా పల్చన చేసి లెక్క కట్టాడు, ఇప్పుడైతే మెషిన్లే కొలుస్తాయి. హలపీన్యో అనే మెక్సికన్ మిరపకాయ 2,500 నుంచి 8,000 దాకా ఉంటుంది, సీసా మీద ఆ ఒక్క అంకె ఉంటే నా తిప్పలు నాకు తప్పేవి.

రుచికి వంక పెట్టను, ఎక్స్‌ట్రా సీసా వేపుళ్లలోకి బానే పనికొస్తోంది, స్టార్లు కోసింది లేబుల్‌కే. మీడియం సీసాని మాత్రం పిల్లలున్న ఇంట్లో కింది అరలో పెట్టకండి.