విజయవాడలో హోమ్ నర్సింగ్: జీతం సరే, ట్రైనింగ్ ఏదీ?

గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు డ్యూటీ చేసి, తర్వాత విజయవాడలో ఒక హోమ్ కేర్ ఏజెన్సీలో చేరాను. చేరి చాలాకాలమైంది. అందరూ ముందు జీతమే అడుగుతారు కాబట్టి అదే చెప్తా. టైముకి వేస్తారు, నాకు వార్డులో వచ్చినదానికంటే కాస్త ఎక్కువే, పన్నెండు గంటలూ ఒక్క పేషెంటే కాబట్టి పరుగులుండవు. గొడవంతా కొత్త కేసుకి వెళ్లే మొదటి రోజు దగ్గరే.

నా మొదటి కేసు పటమటలో, ట్రకియాస్టమీ (గొంతు దగ్గర రంధ్రం చేసి ఊపిరికి ట్యూబు పెట్టడం) ఉన్న పెద్దాయన. ఏజెన్సీ నాకిచ్చిన ఓరియంటేషన్ వాట్సాప్‌లో ఒక లొకేషన్, "యూనిఫాం మర్చిపోకండి మేడమ్" అన్న మెసేజ్, అంతే. రాత్రి డ్యూటీ సిస్టర్ నేను వెళ్లేసరికే వెళ్లిపోయింది, ఛార్టు లేదు, ట్యూబులో చేరిన కఫం లాగే సక్షన్ చివరిసారి ఎప్పుడు చేశారంటే వాళ్ల కోడలుగారు ఆలోచించి "తెల్లవారుజామునేమో సిస్టర్" అన్నారు. సక్షన్ నాకు రాక కాదు, ఒక్కోసారికి పది పదిహేను సెకన్లు దాటకూడదని ఏ నర్సుకైనా తెలుసు. కానీ వార్డులో సక్షన్ లైను గోడకే ఉంటుంది, కేకేస్తే డ్యూటీ డాక్టరు వస్తాడు. ఇక్కడ చిన్న పోర్టబుల్ మెషిను, కరెంటు పోతే అది ఇన్వర్టర్ మీద నడుస్తుందో లేదో ఎవరూ చూసుకోలేదు. ట్యూబు ఊడి వస్తే పెట్టడానికి అదే సైజుది ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి మంచం పక్కనే ఉండాలా, ఒక్కటీ లేదు. చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగూ లేదు. నేను రాసిస్తే వాళ్లబ్బాయి సూర్యారావుపేట వెళ్లి తెచ్చాడు. కోఆర్డినేటర్‌కి ఫోన్ చేస్తే "మీరు నర్సే కదా మేడమ్, మీకు తెలియనిదేముంది" అన్నాడు, ఆ మాటకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు కేసు షీటని ఒకటి పంపుతున్నారు. అందులో వయసు, షుగరు, బీపీ ఉంటాయి. ఏ ట్యూబు ఉందో, ఎప్పుడు మార్చారో, బెడ్‌సోర్ ఎక్కడుందో, రాత్రి ఏదైనా అయితే ఏ డాక్టరుకి ఫోన్ చేయాలో మాత్రం ఉండదు. అసలు అన్యాయం ఇంకోటుంది, ఏ కోర్సూ చదవని అమ్మాయిలకి యూనిఫాం తొడిగి నర్సు అని పంపడం. అలాంటి పిల్ల ఒకతి ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబులో, పేషెంటు వెల్లకిలా పడుకుని ఉండగానే పాలు పోయబోతుంటే నేనే ఆపాను. తల వైపు కనీసం ముప్పై డిగ్రీలైనా ఎత్తాలని, పోసేముందు ట్యూబు కడుపులోనే ఉందో లేదో చూడాలని ఆ పిల్లకి ఎవరు చెప్పారు గనక? ఇంట్లోవాళ్లు కూడా మొహమాటపడకుండా నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అడగండి, మేమేం అనుకోం.

ఫ్రెషర్స్ అయితే ముందు కొన్నాళ్లు ఐసీయూలో చేసి రండి. మామూలుగా మంచాన పడ్డ పేషెంట్లయితే ఒప్పుకోవచ్చు. ట్రకియాస్టమీ, బైపాప్ (మాస్కుతో ఊపిరి అందించే మెషిను) కేసులకి మాత్రం పాత సిస్టర్ పక్కన ఒక షిఫ్టు ఉండి చూడనిదే వెళ్లనని గట్టిగా చెప్పండి. ఆ షిఫ్టుకి డబ్బులివ్వం అంటారు, సగమైనా అడగండి, నాకు ఇచ్చారు.